తల్లి మునిగినా పిల్ల తేలాలి

ఆ ఉదయం అతను చేయాల్సిన పనులు: గడ్డం గీసుకోవడం, చొక్కాకి ఇస్త్రీ, ఊరి నుంచి వచ్చిన అత్తగారిని కంటి డాక్టరు దగ్గర దింపడం, ఆ తర్వాత బీమా నియంత్రణాధికారి ముందు కూర్చుని రెండోసారి కూడా ఫెయిల్ కాకుండా లేచి రావడం.

అతను పనిచేసేది లారీల కంపెనీలో. బయటి బీమా కంపెనీల చుట్టూ తిరిగి విసిగిన యజమానులు, తమ లారీలకు మాత్రమే బీమా చేసే చిన్న కంపెనీని తామే పెట్టుకున్నారు. ఆఫీసులోనూ, అధికారి దగ్గరా పెద్దదాన్ని తల్లి అనీ చిన్నదాన్ని పిల్ల అనీ అంటారు. పిల్ల బాధ్యత అతనికి ఇస్తామన్నారు. కానీ సొంత కంపెనీయే కదా అని ఇష్టమొచ్చినట్టు నడపడానికి వీల్లేదు. రూల్సు తెలిసిన మనిషేనని అధికారి ఒప్పుకోవాలి. మొదటిసారి ఆవిడ, "బట్టీ బాగానే పట్టారు. అర్థం చేసుకుని మళ్ళీ రండి," అని పంపేసింది. ఇదే ఆఖరి అవకాశం. అతనికేమో పైకి చదివితే తప్ప ఏదీ బుర్రకెక్కదు. ఇంట్లో ఆఫీసు మాటలు చెప్పే అలవాటూ లేదు.

బాత్రూంలో కుళాయి తిప్పి మొదలుపెట్టాడు. "తల్లి వేరు, పిల్ల వేరు. అడిగిందని పిల్ల సొమ్ము తల్లికి తీసివ్వకూడదు. పిల్ల చుట్టూ అందరూ తల్లి మనుషులే ఉండకూడదు. తల్లి మునిగినా పిల్ల తేలాలి."

బయట తువ్వాలు ఆరేస్తున్న అత్తగారు తువ్వాలుతోనే కూతురి దగ్గరికి వెళ్ళింది. "నేను మునగాలటే. మీ ఆయన కుళాయి కింద కూర్చుని మొక్కుకుంటున్నాడు."

భార్య వచ్చి తలుపు కొట్టింది. "ఏమండీ, తల్లి మునగడమేంటి?"

తన చదువుకి సాయం చేస్తోందనుకుని అతను హుషారయ్యాడు. "మునిగితే మునగనీ. దాని అప్పులవాళ్ళు పిల్ల జోలికి రాకూడదు, అంతే. ఇంకా అడుగు."

'దాని' అన్న మాట అత్తగారికి మునగడం కన్నా గట్టిగా తగిలింది.

"మరి పిల్ల సంగతి?" అంది భార్య.

"అమ్మేయొచ్చు. పూర్తిగా మూసేయొచ్చు కూడా. ముందు అధికారి అనుమతి తీసుకోవాలి."

"ఆ అధికారి ఎవరో నేనే అడుగుతాను," అని అత్తగారు సూట్‌కేసు సర్దింది. అందులో కంటి రిపోర్టులున్నాయనుకుని అతనే మోసుకెళ్ళి కారులో పెట్టాడు. ముందు అధికారి ఆఫీసు, తర్వాతే డాక్టరు అని అత్తగారు పట్టుబడితే తన మీద అభిమానమనుకున్నాడు. దారిపొడుగునా అత్తగారూ, తోడు బయల్దేరిన భార్యా నోరు విప్పకపోతే, తన చదువుకి అడ్డం రాకూడదనే కాబోలని మురిసిపోయాడు.

వాళ్ళను గేటు దగ్గర దింపి, కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వెళ్ళాడు. ఈలోగా ప్యూను బయటికొచ్చి, "తల్లి, పిల్ల తరఫున వచ్చినవాళ్ళెవరండీ?" అని పిలిచాడు. వరండా బెంచీ మీంచి ఇద్దరూ లేచి లోపలికి వెళ్ళారు.

అధికారి తలెత్తకుండానే అడిగింది. "తల్లి తరఫున?"

"నేనేనమ్మా."

"పిల్ల సొమ్ము ఎప్పుడైనా వాడుకున్నారా?"

అత్తగారు ముందుకి వంగింది. "దాని గాజులు కూడా ముట్టుకోలేదమ్మా. మా ఆయన పోయినప్పుడు అప్పులవాళ్ళు ఇల్లంతా ఊడ్చుకుపోయారు. దానిది మాత్రం ముందే దాని పేర వేరే పెట్టాను. నేను మునిగినా అది తేలాలని."

అధికారి కలం ఆగింది. "ఇంత సూటిగా చెప్పిన తల్లిని ఇంతవరకు చూడలేదు. పిల్ల ఎన్ని లారీల భారం మోస్తోంది?"

అత్తగారు కూతురి వైపు తిరిగింది. "లారీలెక్కడివే నీకు?"

అప్పుడే రొప్పుతూ వచ్చిన అతనికి, ఆ గదిలో ఎవరు ఎవరిని ఎవరనుకుంటున్నారో తెలియడానికి కొంత సమయం పట్టింది. చెప్పడానికి ఇంకొంత పట్టింది.

అధికారి నవ్వలేదు. "సరే. తల్లీ పిల్లా ఎందుకు వేరుగా ఉండాలో మీరు చెప్పండి."

అతను నోరు తెరిచేసరికి పొద్దున్న చదివిందంతా కుళాయి నీళ్ళతోనే పోయింది. అత్తగారి వైపు చూసి, తన మాటల్లోనే మొదలుపెట్టాడు.

"లారీ బోల్తా పడితే డ్రైవరు ఇంటివాళ్ళు వస్తారండి. తల్లి దివాలా తీసింది, మా దగ్గరా ఏమీ లేదని పిల్ల అనకూడదు. వాళ్ళ కోసం దాచింది వాళ్ళకే మిగలాలి. అత్తయ్యగారు చేసింది కూడా... అదేనండి."

"ఇది బట్టీ కాదు," అని అధికారి సంతకం పెట్టింది.

ఇప్పుడు పిల్ల కంపెనీ పెద్ద కుర్చీలో అతనే కూర్చుంటున్నాడు. ఎవరైనా అతని తెలివిని మెచ్చుకోవడం వింటే, దయచేసి మీరు అత్తగారిని తలుచుకోండి. పిల్ల దగ్గరికి తల్లి రావచ్చా అని ఆవిడ ఆ రోజు వెళ్తూ వెళ్తూ అధికారిని అడిగింది. రావచ్చట, ఇన్నాళ్ళే ఉండాలన్న రూలు మాత్రం లేదట.