ఎడమ వెనక కాలి మడమ దగ్గరి రెండెకరాలు

తుమ్మలకుంట్ల గ్రామ భూముల పటం పన్నెండేళ్లుగా ఒక పిల్లి ఒంటి మీద ఉంది. అంతకుముందు కాగితం మీద ఉండేది. ఆ కాగితాన్ని ఆఫీసు బీరువాలో ఎలుకలు తిన్నాయి, ఎలుకలను ఆఫీసు పిల్లి తిన్నది, ఆ పిల్లికి పుట్టిన ఒక కూన బొచ్చు మీద ఊరు ఊరంతా గట్లతో సహా దిగింది. పై అధికారులు వచ్చి గొలుసు పెట్టి కొలిచారు. జానెడు తేడా రాలేదు. మళ్లీ సర్వే చేయించడం కంటే పిల్లిని సాకడం తేలికని రాసి, దాన్నే రికార్డుగా ఖాయం చేశారు.

చదవడం ఎవరికైనా వస్తుంది. నలుపు నల్లరేగడి, ఎరుపు ఎర్రనేల, తెలుపు సర్కారుది. వెన్నుపూస తారు రోడ్డు. పొట్ట వాగు. నాలుగు కాళ్లు ఊరి నాలుగు చివరలు. పిల్లి ముడుచుకొని పడుకున్నప్పుడు తీసిన కొలత చెల్లదు. నాక్కున్నంత మాత్రాన గట్లు చెరగవని ఒక సర్క్యులర్ ఉంది.

రికార్డు పిల్లికి గడువు ఆరేళ్లు. ఆ తరువాత దాని కూతురు ఒకటి ఆ పనిలో చేరుతుంది. కొడుకులు పనికిరావు. మగపిల్లికి నలుపైనా ఎరుపైనా తల్లి నుంచే రావాలి, అదీ ఒక్కటే వస్తుంది. దాన్ని రికార్డు చేస్తే ఊరంతా ఒకే నేల అవుతుంది. ఆడపిల్లికి తల్లి ఒక రంగు, తండ్రి ఒక రంగు ఇవ్వగలరు. ఏ మచ్చ ఎక్కడ పడేదీ తల్లికీ తెలియదు, తండ్రికీ తెలియదు. అందువల్ల ఆరేళ్లకోసారి కొందరి రేగడి ఎర్రనేల అవుతుంది, కొందరి ఎర్రనేల రేగడి అవుతుంది. పోయినసారి అట్లా నలుపులో పడిన ఒకాయన తన ఎర్ర గరపనేలలో శనగ చల్లాడు. మొలవలేదు. నేల ఇంకా రికార్డు చూసుకోలేదని ఆఫీసులో చెప్పారు.

ఈ ఏడాది పిల్లి మూడు కూనల్ని పెట్టింది. రెండు మగవి, ఒకటి ఆడది. ఆడకూన ఎడమ వెనక కాలు మడమ దాకా తెల్లగా ఉంది. ఆ మడమ దగ్గర కందిబేడంత జాగా ఉరుకుందమ్మది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె ఆ రెండెకరాల మీదే బతుకుతోంది. సర్వేయరు ఖాజా మొహిద్దీన్ కబురు పంపితే వచ్చింది.

"నా చేను యాడికి పాయె సారూ?"

"యాడికీ పోలేదక్కా. తెల్లగైంది, అంతే."

"నిన్న గూడ ఆడ రాళ్లేరినానే!"

"నువ్వు ఏరినావు. పిల్లికి తెల్దు గదా."

ఉరుకుందమ్మ కూనను ఒళ్లో పెట్టుకొని చాలాసేపు చూసింది. పాదాలే ఎందుకు తెల్లబడ్డాయని అడిగింది. ఖాజా ఓపికగా చెప్పాడు. కడుపులో ఉన్నప్పుడు రంగు వెన్ను మీద పుడుతుంది. అక్కడి నుంచి రెండు పక్కలా కిందికి దిగుతుంది. చాలకపోతే పొట్టకూ పాదాలకూ అందదు.

"కాలవ నీళ్ల మాదిరి," అన్నది ఉరుకుందమ్మ.

"అంతేనక్కా. నువ్వు ఇట్టే పట్టుకుంటివే."

అభ్యంతరం పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే పిల్లి ఇంకొక కాన్పు అయ్యే దాకా ఆగుతారు. అప్పటిదాకా తెలుపులో అడుగు పెట్టకూడదు. ఉరుకుందమ్మ వేలిముద్ర వేసి బయటికొచ్చి, తండ్రి ఎవరా అని రెండు రోజులు ఆఫీసు వెనక కాపు కాసింది. కాళ్లకు తెల్ల మేజోళ్లు తొడిగినట్టున్న గండుపిల్లి ఒకటి గోడ దూకి వచ్చింది. ఆమెకు విషయం అర్థమైంది.

వాళ్ల వీధిలో మద్దిలేటి దగ్గర కారునలుపు గండుపిల్లి ఉంది. గోళ్ల దాకా ఒక్క తెల్లవెంట్రుక లేదు. మద్దిలేటి చేను కుడి ముందు కాలి మీద ఉంటుంది.

"తీస్కపోక్కా," అన్నాడు మద్దిలేటి. "తిని పండుకునేది తప్ప దానికేం పని? సర్కారు కొలువన్నా చేస్తాది."

గండుపిల్లి నాలుగు రోజులు కొలువు చేసింది. నాలుగు రోజులూ హాజరు వేశారు. ఆ తరువాత కాన్పుకు అరవై నాలుగు రోజులు పట్టింది. ఈలోగా మూడు వానలు పడ్డాయి, చుట్టుపక్కల చేలన్నీ విత్తారు. గట్టు నలుపులోనే ఉంది గనుక ఉరుకుందమ్మ గట్టు మీద నిలబడి తన చేలో గడ్డి పెరగడం చూసింది.

ఈసారి నాలుగు కూనలు. రెండు మగవి పక్కన పెట్టారు. మూడోది ఆడది, ఒంటి మీద తెలుపన్నది లేదు. నలుపూ ఎరుపూ గోళ్ల దాకా దిగాయి.

"ఇదే రాసుకో సారూ! ఎవురిదీ పోలేదు," అన్నది ఉరుకుందమ్మ.

ఖాజా భూతద్దం పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. జొన్నలూ రాగులూ ఒకే చేటలో పోసినట్టు రంగులు కలిసిపోయి ఉన్నాయి. ఒక్క గట్టు కనబడలేదు.

"తెలుపుంటేనే రంగులు యాడికాడ ముద్దగట్టేదక్కా. ఎవురిదో ఒకరిది తెల్లగైతేనే మిగతా వాళ్ల గట్లు తేలేది. ఇది చెల్లదు."

నాలుగోదాన్ని బల్ల మీద పెట్టాడు. గట్లు గీత గీసినట్టున్నాయి. ఎడమ వెనక మడమ సగం నలుపు, సగం ఎరుపు, ఉరుకుందమ్మ చేను ఉన్నది ఉన్నట్టు. కుడి ముందు కాలు తెల్లగా ఉంది. గండుపిల్లి యజమానిగా సంతకానికి వచ్చిన మద్దిలేటి వంగి చూశాడు.

"ఇది నాది గదా?"

"నీదేనన్నా."

"నా పిల్లికి తెలుపే లేదు గదా సారూ."

"తెలుపు తల్లిది. నీ పిల్లి మీద ఏ ఫిర్యాదూ లేదు."

ఉరుకుందమ్మ వేలిముద్ర వేస్తే ఈ కూన రికార్డవుతుంది. వేయకపోతే పోయిన కాన్పులోని ఆడకూనే ఉంటుంది. రెండో అభ్యంతరానికి ఫారం లేదు.

"వెన్ను మీద ఒకసారన్నా తెలుపు పడదా సారూ?" అన్నాడు మద్దిలేటి. రోడ్డు పక్క భూములన్నీ పాత సర్పంచి ఇంటివాళ్లవి.

"రంగు పుట్టేదే ఆడ గదన్నా. పుట్టిన కాడ తక్కువెట్ల పడ్తాది?"

ఉరుకుందమ్మా మద్దిలేటీ ఊహ తెలిసినప్పటి నుంచి పిల్లుల్ని చూసినవాళ్లే. వీపు తెల్లగా ఉండి పాదాలకు రంగున్న పిల్లిని ఎన్నడూ చూడలేదు. అది ఒకరు చేసింది కాదు, పుట్టుక. ఉరుకుందమ్మ మద్దిలేటి ముఖం చూడకుండా వేలిముద్ర వేసింది.

ఆ సాయంత్రమే మద్దిలేటి తన చేలోని కొట్టం పీక్కున్నాడు. ఉరుకుందమ్మ వెళ్లి గుంజలు ఒక కొసన పట్టింది. ఇద్దరూ మోసుకుంటూ తారు రోడ్డెక్కారు. రోడ్డుకు రెండు వైపులా పత్తి మోకాలెత్తు లేచి, గాలికి ఊగుతోంది.

"బాగొచ్చింది," అన్నాడు మద్దిలేటి.

"మంచి నేలలే," అన్నది ఉరుకుందమ్మ.