నడిసముద్రంలో బొంత తీర్పు

2003 జనవరిలో, అండమాన్ వెళ్ళే ఓడ విశాఖ రేవు విడిచిన మరునాటి ఉదయం, కాఫీ గ్లాసు కింద పెట్టి కోటిరత్నంగారు ఆనాటి కార్యక్రమం ప్రకటించారు. ఓడ ఒడ్డు చేరేలోగా అత్తగారి చీరతో బొంత పూర్తి కావాలి. అత్తగారి గుర్తుగా మిగిలిన ఆ ఒక్క వెంకటగిరి చీర కోసం కోడళ్ళిద్దరూ రెండేళ్ళు మాట్లాడుకోలేదు. పెద్ద కోడలైన కోటిరత్నంగారు గుంటూరు కాన్వెంటులో చదివి, ఒంగోలులో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. అన్యాయం ఎక్కడున్నా వెతికి పట్టుకుని శిక్షించడం ఆవిడకు అలవాటు.

"ఇద్దరం చెరో వరస కుడదాం. తప్పు కుట్టినవాళ్ళు బొంత వదులుకోవాలి. సమ్మతమేనా?"

"నీ కుట్టులో తప్పెప్పుడొచ్చింది గనక అక్కా! ఆ చీరేదో ఇప్పుడే పట్టుకుపోరాదూ," అంది మార్టూరు నుంచి వచ్చిన చిన్న కోడలు సుబ్బరావమ్మ, సూదిలోకి దారం ఎక్కిస్తూ.

డెక్కు మీద అడుగున పాత పంచెలు, పైన చీర పరిచారు. గాలికి అంచులు లేస్తుంటే సుబ్బరావమ్మ కొడుకు నాగేంద్రబాబు, పక్కనే నిలబడ్డ మిర్చి వ్యాపారి బాపయ్యగారిని బతిమాలి ఒక మూల బరువుగా కూర్చోబెట్టాడు. బాపయ్యగారు ఆ బాధ్యతను సంపూర్ణంగా స్వీకరించి, వెంటనే నిద్రపోయారు.

కోడళ్ళిద్దరూ తలెత్తకుండా వరసలు కుడుతుండగానే భోజనాల గంట మోగింది. లేవబోయిన బాపయ్యగారు నడుము దగ్గర పంచె జారడం గ్రహించి చటుక్కున కూలబడ్డారు. ఆయన పంచె అంచు బొంతలోని పంచెలతో కలిసి కుట్టుబడిపోయింది. ఆడవాళ్ళ ముందు ఆ మాట చెప్పడం ఎలా?

"రండి బాబాయ్, భోంచేద్దాం," అన్నాడు నాగేంద్రబాబు.

"నేను లేవను."

"అదేంటి?"

"లేవనంటే లేవను. నాకు అన్నం వద్దు!"

నాగేంద్రబాబు ఒంగోలులో ఒక ఉద్యోగ సంఘానికి కార్యదర్శి. అన్నం వద్దని బైఠాయించిన మనిషిని చూస్తే అతనికి తోచేది ఒక్కటే. ఓడలో పెట్టే సాంబారులో కారం లేదని రాత్రి నుంచీ అందరూ గొణుగుతూనే ఉన్నారు.

"చూశారా! పెద్దాయన మనకోసం నిరాహారదీక్షకు కూర్చున్నాడు. మనకి సిగ్గుండక్కర్లా?" అని కేక పెట్టాడు.

కాసేపటికి ఓడలో ఉన్న నరసరావుపేట వాళ్ళూ చీరాల వాళ్ళూ వచ్చి బొంత చుట్టూ కూర్చున్నారు. "కారం కావాలి! గోంగూర కావాలి!"

"ఒరేయ్, నేనట్టా అన్లేదురా!" అని బాపయ్యగారు మొత్తుకున్నారు. దానికి కూడా చప్పట్లు కొట్టారు.

ఓడ ఆఫీసరు పరుగున వచ్చి, పూటపూటా కారప్పొడి వడ్డిస్తామని చేతులు జోడించాడు. జయజయధ్వానాలతో అందరూ లేచారు. బాపయ్యగారు లేవలేదు.

"ఇంకేం కావాలండీ మీకు?" అన్నాడు ఆఫీసరు బేలగా.

"కత్తెర," అన్నారు బాపయ్యగారు.

సంగతి అందరికీ తెలిసిపోయింది. కోటిరత్నంగారు లేచి నిలబడ్డారు.

"పెద్దమనిషిని బొంతకేసి కుట్టేస్తావా సుబ్బరావమ్మా? పరధ్యానానికి హద్దుండాలి! ఇంతమంది సాక్షిగా చెబుతున్నాను. ఈ కుట్టు ఎవరిదైతే వాళ్ళకి బొంత మీద హక్కు లేదు. ఈయనకు కొత్త పంచెల చాపు కూడా వాళ్ళే పెట్టాలి."

"అట్టాగేలే అక్కా. ముందా కుట్టు చూడు," అంది సుబ్బరావమ్మ.

కోటిరత్నంగారు కళ్ళజోడు సవరించుకుని వంగారు. సుబ్బరావమ్మవి మిర్చి గోతాలు కుట్టిన చేతులు. ఆమె వేసే కుట్టు ఒక్కొక్కటీ వేలి కణుపంత ఉంటుంది. పంచెను పట్టుకున్నవి నువ్వుగింజంత కుట్లు. గీత గీసినట్టు, ఒక్కటీ వరస తప్పలేదు. అలాంటి కుట్టుకే కాన్వెంటులో సిస్టర్లు ఆవిడకు మొదటి బహుమతి ఇచ్చారు.

"ఎంత లాగినా ఊడి రాలేదమ్మా. మహా గట్టి కుట్టు!" అన్నారు బాపయ్యగారు మెచ్చుకోలుగా.

కోటిరత్నంగారు తన చేత్తోనే కుట్లు విప్పి బాపయ్యగారిని విడుదల చేశారు. బొంత మడిచి సుబ్బరావమ్మ ఒళ్ళో పెట్టారు.

"అప్పీలు చేసుకోరాదూ పెద్దమ్మా?" అన్నాడు నాగేంద్రబాబు నవ్వు ఆపుకుంటూ.

ఆవిడ ఆ విషయం క్షుణ్ణంగా ఆలోచించారు. కానీ అప్పీలు వినదగిన న్యాయమూర్తి ఓడ మొత్తంలో ఆవిడకు తను తప్ప మరొకరు కనిపించలేదు.