మేస్త్రి ఇంటి కన్నం

ఆ ఉదయం తాపీ మేస్త్రి వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి సినిమావాళ్ళు వస్తారు. ఈలోపల పెరటి గోడకున్న కన్నం మూసెయ్యాలి.

ఆ కన్నానికి పదకొండేళ్ళు. వానలకు ఒక్కొక్క ఇటుకే రాలి, మనిషి దూరేంత అయింది. "ఊళ్ళో గోడలన్నీ మీవే, మన గోడ ఒక్కటే ఎవరిదో" అని భార్య అంటూండేది. "రేపు చూద్దాంలే" అని మేస్త్రి అనేవాడు. కిందటి వేసవిలో ఆవిడ పోయింది. రేపు మాత్రం రోజూ వస్తూనే ఉంది.

పాడుబడ్డ నగరంలో గోడల వెనక దాక్కుని మనుషుల్ని వేటాడే జీవుల సినిమా అది. సెట్టు వెయ్యక్కర్లేని వీధి కదా అని ఈ వీధిని ఎంచుకున్నారు. "మీ పెరటి గోడ డైరెక్టరుగారికి తెగ నచ్చిందండీ. కెమెరా అంతా దాని మీదే" అని అసిస్టెంటు ముందురోజు చెప్పి వెళ్ళాడు. గోడలో ఏం నచ్చిందో అతను చెప్పలేదు, మేస్త్రి అడగలేదు.

కాఫీ తెచ్చిన మరదలు, సిమెంటు మాలు కలుపుతున్న బావను చూసి నిలబడిపోయింది.

"ఇవాళే ఎందుకు బావగారూ?"

"మీ అక్క ఇంటికి కన్నం ఉందని లోకమంతా చూడాలా?"

"ఉన్నమాటేగా."

మేస్త్రి కన్నంలోకి తొంగిచూశాడు. అవతల మూతపడ్డ గిడ్డంగిలోని చీకటి గది. మూల బూడిదరంగు గోనెమూట లాంటిదేదో ఉంది. పాత సామాను కాబోలు అనుకుని, ఇటుక మీద ఇటుక పేర్చాడు.

నిజానికి అది మూట కాదు, వేటాడే జీవి. ఆ వేషం కట్టడానికి మూడు గంటలు పడుతుంది. అందుకని వేషగాడిని పెందలాడే సిద్ధం చేసి, గిడ్డంగి వైపు నుంచి తెచ్చి కూర్చోబెట్టారు. వెలుతురు రాకూడదని వెనక తలుపుకు బయట బీరువా అడ్డం పెట్టి, టిఫినుకు వెళ్ళారు. అతను కోరలతో సహా నిద్రపోయాడు.

తొమ్మిదింటికి డైరెక్టరు వచ్చాడు. "కన్నమేదయ్యా?"

"నిన్న ఇక్కడే ఉందండీ" అన్నాడు అసిస్టెంటు.

"కన్నం ఎక్కడికి పోతుంది? ఇల్లు తప్పుంటావు."

ఇద్దరూ పక్క పెరళ్ళు వెతకడానికి వెళ్ళారు. వాళ్ళతో వచ్చిన కెమెరామన్ మాత్రం అక్కడే ఉండి, వెలుతురు సరిచూసుకోవడానికి కెమెరా నడిపిస్తున్నాడు. వాళ్ళు వెతికేదేమిటో పట్టించుకోని మేస్త్రి, తాపీ కడుక్కుంటూ తన పని చూసి మురిసిపోతున్నాడు.

అప్పుడు గోడ తట్టిన చప్పుడైంది. రెండుసార్లు.

మేస్త్రి చేతిలో తాపీ ఆగిపోయింది. భోజనానికి పిలవాలంటే భార్య వంటింట్లోంచి గరిటెతో గోడను సరిగ్గా రెండుసార్లే తట్టేది. అతను మెల్లగా దగ్గరికి వెళ్ళి, తడి సిమెంటు మీద చెయ్యి వేశాడు.

"మూసేశానుగా" అన్నాడు చిన్నగా.

"అందుకే పిలుస్తున్నానండీ" అంది లోపలినుంచి ఒక బొంగురు గొంతు. "కాస్త తెరవండి."

మేస్త్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. లోపలివాడికి ఓపిక లేదు. తడి ఆరని గోడ ఒక్క తోపుకు కూలింది. ముందు గోళ్ళు వచ్చాయి, తర్వాత కోరలు, ఆ తర్వాత సిమెంటు పూసుకున్న మొహం. మేస్త్రి వెనక్కి వెనక్కి నడిచి ఇసక కుప్ప మీద కూర్చుండిపోయాడు. మరదలు ఆ జీవిని ఎగాదిగా చూసి, గ్లాసు అందించింది.

"మంచినీళ్ళు తాగండి అన్నయ్యగారూ."

చప్పుడుకు పరుగెత్తుకొచ్చిన డైరెక్టరు, కెమెరాలో పడిన దృశ్యాన్ని రెండుసార్లు చూశాడు. "ఈ గోడ కట్టిందెవరు?"

మేస్త్రి తలవంచుకుని లేచాడు. "నేనేనండి. ఆరకముందే తోశాడు గానీ, లేకపోతే నా గోడ కూలదు."

"ఆరనివ్వొద్దు. ఇంకో రెండుసార్లు ఇలాగే కట్టి పెట్టగలరా?"

"తర్వాత?"

"తర్వాత మీ గోడ, మీ ఇష్టం."

మేస్త్రి కూలిన ఇటుకల వంక, మరదలి వంక చూశాడు.

"అక్క ఉంటే, అలాగైనా మీరు కడతారని ఇంకో నాలుగుసార్లు కూల్చమనేది బావగారూ" అంది మరదలు, మాలులో నీళ్ళు పోస్తూ.

పదకొండేళ్ళు మూయని కన్నాన్ని మేస్త్రి ఆ ఒక్కరోజే నాలుగుసార్లు మూశాడు. నాలుగోసారి మాత్రం తాపీ పిడితో గోడను రెండుసార్లు తట్టి, లోపల ఎవరూ లేరని తెలిశాకే ఆరనిచ్చాడు.