టిక్కుమన్న డబ్బా

ఆ ఉదయం అనుకున్న పని చిన్నదే. వంటింట్లోని మోటారునీ ఫ్యానునీ మిక్సీనీ కోడలు తాను తయారుచేసిన చిన్న డబ్బా ద్వారా తన ఫోన్‌తో ఆడించి చూపించాలి. మామగారు నలభై ఏళ్లు కరెంటు పని చేసిన మనిషి.

"ఒక్క తేడా వచ్చిందా, ఆ డబ్బా చెత్తబుట్టలోకే," అని ముందే తేల్చి చెప్పాడు. కోడలికి ఆ డబ్బా ఆర్నెల్ల కష్టం.

"ఇటు బ్యాటరీది ఐదు వోల్టులే మామయ్యగారూ. అటు ఇంటి కరెంటు. రెండిటికీ మధ్య తీగ కలవదు. ఇటు అయస్కాంతం లాగితే అటు చిన్న రేకు కదిలి కరెంటు కలుపుతుంది. రిలే అంటారు."

"ఐదు వోల్టులా! దానికి చీమ కూడా భయపడదు."

అయినా వంటింటి ఫ్యూజు పీకి, తన అలవాటు ప్రకారం చొక్కా జేబులో వేసుకున్నాడు. తీగల మీద చెయ్యి ఉండగా ఇంకెవరూ తెచ్చి పెట్టకూడదు కదా. కోడలు తీగలు బిగించేసరికి ఆయన గడ్డం గీయించుకోవడానికి వెళ్లిపోయాడు.

"అత్తయ్యా, మామయ్యగారు ఫ్యూజు పెట్టేశారా?"

"పెట్టకుండా వెళ్తారా? పని సగంలో వదిలే మనిషి కాదులే."

కోడలు ఫోన్ నొక్కింది. డబ్బా టిక్కుమంది. మోటారు కదల్లేదు. ఫ్యాను నొక్కింది. టిక్కు. మిక్సీ. టిక్కు. ఏదీ తిరగలేదు. నొక్కినవాటిని మళ్లీ ఆపాలని ఆమెకి తోచలేదు. హాల్లో దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

మోటారు పైపు పూడిందేమోనని అత్తగారు దాని కొసని నీళ్ల డ్రమ్ములోంచి తీసి నేల మీద పడేసింది. బ్లేడు పట్టేసిందేమోనని మిక్సీలోని టమాటాల మీద మూత కూడా తీసేసింది. తర్వాత మంగలి షాపుకి నడిచింది.

"మీ కోడలి యంత్రం చచ్చింది. రండి!"

ఆయన సగం గడ్డంతోనే లేచాడు. దారిలో జేబు తడిమితే ఫ్యూజు తగిలింది. ఇంటికొచ్చి, ఎవరూ చూడకుండా నడవలో ఉన్న ఫ్యూజుల పెట్టెలో దాన్ని పెట్టేశాడు.

మూడూ ఒకేసారి లేచాయి. మిక్సీ టమాటాలను పైకి విసిరింది. ఫ్యాను వాటిని నాలుగు గోడలకీ పంచింది. పైపు పాములా మెలికలు తిరుగుతూ నేలంతా నీళ్లు చేసింది. తడి చేత్తో ప్లగ్గు ముట్టుకోవద్దని ఊరందరికీ చెప్పిన మనిషి, చీలమండల దాకా నీళ్లలో నిలబడి, తడి చేత్తో మిక్సీ ప్లగ్గు మీదికి పోయాడు.

"మామయ్యగారూ, ముట్టుకోకండి!"

పొడి గడప మీద నిలబడి కోడలు ఫోన్ నొక్కింది. టిక్కు, టిక్కు, టిక్కు.

అంతా ఆగిపోయింది. పైపు చివర ఒక్క చుక్క జారిన చప్పుడు వినిపించింది.

ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. మెల్లగా డబ్బా దగ్గరికి వెళ్లి, దేన్నీ తాకకుండా చెవి ఒగ్గాడు.

"అంత కరెంటునీ ఈ కాస్త డబ్బా ఆపిందా తల్లీ?"

"ఆపింది మామయ్యగారూ."

"ఫ్యూజు నా జేబులోనే ఉండిపోయిందమ్మా. తప్పు నాది. డబ్బా ఇక్కడే ఉంటుంది. దీన్ని తీస్తానన్నవాడి చేతులు విరగ్గొడతాను."

అత్తగారు ఆయన చేతిలో తడిగుడ్డ పెట్టింది.

"గోడలు తుడిచే బటను అందులో లేదట. మీరు మొదలుపెట్టండి."