దొర పేరు కింద చూడండి

చనిపోయి డెబ్బై ఏళ్లు దాటిన కేశవరావు దొర జిల్లా రికార్డుల గదిలో సూచికగా పనిచేస్తున్నాడు. ఆయన గడీలో వెట్టి చేసినవాళ్లకు కాగితాల్లో సొంత చోటు లేదు. ఎవరిని వెతకాలన్నా దొర పేరు కింద వెతకాలి. ఆ పేరు కింద ఎవరెవరున్నారో చెప్పగలిగేవాళ్లు మిగల్లేదు కాబట్టి ప్రభుత్వం ఆయన్నే పిలిపించి, కిటికీ పక్కన కుర్చీ, ఫ్యాను ఇచ్చింది. పదింటికి వస్తాడు, అయిదింటికి వెళ్తాడు. వేలిముద్ర మిషను ఆయన వేలిని గుర్తుపట్టదు, అందుకని సంతకంతో సరిపెట్టారు. నవంబరులో పింఛనుదారులంతా బతికే ఉన్నామని కాగితం ఇచ్చుకుంటుంటే ఈయన పోయే ఉన్నానని ఇస్తాడు. ఏ ఏడూ ఆలస్యం చేయలేదని ఆఫీసులో మంచి పేరు.

పెత్రమాస వారం ఉందనగా అంగన్‌వాడీ టీచరు స్వరూప అక్కడికి వచ్చింది. పెత్రమాసనాడు పోయిన పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు పేరు అడుగుతాడు. ఏ పేరు చెబితే ఆ మనిషికే బియ్యం ముడుతుంది. పేరు లేకపోతే ఎవరికీ ముట్టదు. స్వరూప తల్లి ఓదెమ్మ తన తల్లిదండ్రుల పేర్లు ఏటా చెబుతుంది, అమ్మమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగిపోతుంది. ఆ అమ్మమ్మ ఆడబాప. అంటే దొరసాని పెళ్లయి వచ్చినప్పుడు పుట్టింటివాళ్లు చాకిరీకని వెంట పంపిన దాసిపిల్ల. గడీలోవాళ్లు ఆడబాప అన్నారు, కడుపున పుట్టిన కూతురు అవ్వా అంది, పేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికీ పడలేదు.

ఓదెమ్మ ఈ ఏడు మంచం పట్టింది. డాక్టరు చెప్పింది కూతురు దాచిపెట్టినా ఆమెకు అర్థమైంది. చావంటే భయం లేదు గానీ ఒక్క దిగులు మాత్రం వదలడం లేదు.

"పైకి పోయినంక మా అమ్మమ్మ ఎదురొచ్చి, అందరికీ బువ్వ పెట్టి నన్నెందుకు పస్తుంచినవే అంటే ఏం చెప్పాలె బిడ్డా?" అంది.

అందుకే స్వరూప సెలవు పెట్టి వచ్చింది. గుమాస్తా సదానందం మర్యాదస్తుడు, ఆమెను కూర్చోబెట్టి దరఖాస్తు ఇచ్చాడు. దొరతో సంబంధం అనే చోట రెండే గళ్లున్నాయి, వారసులు, ఆస్తి. వారసులైతే కోర్టు కాగితం తేవాలి, ఆస్తికైతే ఏమీ అక్కర్లేదు, పని తొందరగా అవుతుందని సదానందం గొంతు తగ్గించి సలహా ఇచ్చాడు.  స్వరూప రెండో గడిలో టిక్కు పెట్టింది.

దొర ఆమెను ప్రేమగానే పలకరించాడు. ఏ ఊరు, ఎందరు పిల్లలు, ఇవన్నీ అడిగాడు. పాతకాలం దొరలు ఎంత కలుపుగోలు మనుషులో ఇలాంటప్పుడే తెలుస్తుంది. ఆడబాపగా వచ్చిన పిల్ల ఆయనకు బాగానే జ్ఞాపకం ఉంది. దొరసాని వెంట నిలువుటద్దం, పందిరిమంచం, పాడిబర్రె, ఆ పిల్ల ఒకే రోజు వచ్చాయట. బర్రె పేరు గౌరి. ఎడమకొమ్ము కొంచెం వంకర, కొత్తవాళ్లు పిండితే పాలు ఎగబెట్టేది. గౌరి పోయినరోజు గడీలో ఎవరూ అన్నం ముట్టలేదని చెబుతుంటే దొర కళ్లు చెమ్మగిల్లాయి.

"ఆ పిల్ల పేరేంది దొరా?" అని అడిగింది స్వరూప.

దొర నిజాయితీగా ఆలోచించాడు. ఎంత ఆలోచించినా రాలేదు. తన ఉద్యోగంలో ఇలా తెల్లమొహం వేయడం ఆయనకూ కష్టంగానే ఉంది.

"పేరుతోటి పనిబడలే. చప్పట్లు గొడితె వచ్చేటిది," అన్నాడు.

సదానందం నిబంధనలు తిరగేశాడు. పేరు దొరకనివాళ్లను వాడుకలో ఉన్న పద్ధతిలో పిలిచి చూడవచ్చని, ఎవరు వస్తే వాళ్ల పేరే రాసుకోవాలని ఉంది. ఆ మాట చదివి వినిపించి, తన కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. సదానందం ముత్తాత కూడా ఆ గడీలోనే దివిటీ పట్టినవాడు.

దొర చప్పట్లు కొట్టాడు.

బీరువాల మధ్య నుంచి ఎవరూ రాలేదు. స్వరూప మాత్రం దొర పక్కన నిలబడి ఉంది. లేవాలని ఆమె అనుకోలేదు. బల్ల మీది మంచినీళ్ల గ్లాసు ఆమె చేతిలో ఉంది, తల వంగి ఉంది. దొర ఆమె వైపు చూడకుండానే గ్లాసు అందుకుని తాగాడు. ఖాళీ గ్లాసు తీసుకునేదాకా ఆమె కాళ్లు అక్కడి నుంచి కదల్లేదు.

సదానందం ఆడబాప పేరు స్వరూప అని రాసి ముద్ర వేశాడు.

"అది నా పేరు సార్," అంది స్వరూప.

"పిలిస్తే వచ్చింది మీరే గద మేడం," అన్నాడు సదానందం. కుర్చీ చేతులు ఇంకా వదల్లేదు. అభ్యంతరం ఉంటే సూచికకు రాసుకోవచ్చన్నాడు. సూచిక అయిన దొర అప్పటికే కిటికీ వైపు తిరిగి కునుకు తీస్తున్నాడు. పెత్రమాస దాటితే ఓదెమ్మ ఉంటుందో ఉండదో. స్వరూప కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది.

పెత్రమాసనాడు ఓదెమ్మ మంచాన్ని వాకిట్లోకి తెచ్చారు. అయ్యగారు చివరి పేరు అడిగినప్పుడు స్వరూప కాగితం చూసి తన పేరు చదివింది. బతికున్న మనిషి పేరు కదా అని ఆయన ఆగలేదు, ముద్ర ఉంది కాబట్టి. ఓదెమ్మ ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది.

"నాకు తెల్వకుండనే నీకు మా అమ్మమ్మ పేరు వెట్టుకున్ననే," అని కూతురి చెంపలు నిమిరింది. అయ్యగారు బియ్యం మీద నీళ్లు వదిలాడు.

స్వరూప పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. అయ్యగారు పేరు పలికిన క్షణంలోనే ఆమె ఆకలి తీరిపోయింది. పెళ్లింట్లో అన్నం తిన్నంత నిండుగా కడుపు నిండింది. పైకి ఒక్క మెతుకు పోలేదని ఆమెకు అర్థమైంది. అక్కడ ఇంకా ఒకామె చేతులు కట్టుకుని, ఎవరైనా పిలుస్తారేమోనని నిలబడే ఉంది.

"ముట్టిందంటవా బిడ్డా?" అని అడిగింది ఓదెమ్మ.

"ముట్టిందవ్వా," అంది స్వరూప.

ఏటా ఇదే పేరు చెప్పాలని ఓదెమ్మ కూతురితో చేతిలో చెయ్యి వేయించుకుంది. స్వరూప సరేనంది.