కోసిన మూడంగుళాలు

శుభవార్త వచ్చినప్పుడు నోరీన్ చేతిలో పసుపు రంగు బ్రష్షు ఉంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఏదో ఒకదానికి పసుపు రంగు పడుతూనే ఉంది. ఆ శనివారం వంతు వంటింటి అలమరలది. పొద్దున్నే మొదలుపెట్టి, భోజనాల వేళకి ముగించి, సాయంత్రం కాలవగట్టు మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తినాలని ఇద్దరూ అనుకున్నారు. ఆమె మొగుడు వేడ్ అప్పటికే ఒక తలుపూ, తన మోచెయ్యీ, పిల్లి తోకా పూర్తి చేశాడు. అంతలో ఫోను మోగింది.

"అమ్మాయ్, మీ పెళ్ళికి నేనేమీ ఇవ్వలేదు కదా," అన్నాడు ఓర్విల్ పెదనాన్న.

"కాఫీ కాచే మిషను ఇచ్చావుగా, పెదనాన్నా."

"అది మా చెల్లెలు కొని నా పేరు రాసింది. నేనిచ్చేది వేరే. కూపే పంపించాను. ట్రక్కు బయల్దేరింది. ఇక అది మీది."

నోరీన్ బ్రష్షు జారి పిల్లి మీద పడింది. అమ్మానాన్నలు లేని ఆమెను పెంచి, పెళ్ళిలో చెయ్యి పట్టుకుని నడిపించినవాడు ఓర్విల్. ఆయన భార్య హేజెల్ పోయాక ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి, సముద్రం పక్కన చెల్లెలింట్లో ఉంటున్నాడు. ఆయన కూపే అంటే ఆ ఊరికంతటికీ తెలుసు. 1931 ఫోర్డ్ కారు, రెండే తలుపులది, నల్లటిది, ఫ్యాక్టరీలో ఏ మర బిగించారో ఆ మరతోనే ఉంది. అందులో కూర్చోవాలంటే బూట్లు విప్పాలి. చిన్నప్పుడు నోరీన్ మేజోళ్ళు కూడా విప్పేది, ఎందుకైనా మంచిదని.

బాదం తోటల మధ్య ఉన్న ఆ కాలిఫోర్నియా ఊళ్ళో పాత కార్లవాళ్ళవి రెండు మతాలు. ఒక మతంవాళ్ళు కారును పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచుతారు. రెండో మతంవాళ్ళు మడ్‌గార్డులు పీకేసి, బానెట్ తీసేసి, పెద్ద ఇంజను ఇరికించి, పైకప్పు స్తంభాలు అడ్డంగా కోసి కిందికి దించి, హాట్ రాడ్ అంటారు. వేడ్ రెండో మతంలో పుట్టాడు. వాళ్ళ నాన్న పెళ్ళి ఫోటోలో పెళ్ళికూతురు పక్కకి జరిగి ఉంటుంది, ఇంజను కనబడాలని.

"ఆయన ఏమన్నాడో ఇంకోసారి చెప్పు," అన్నాడు వేడ్.

"ఇక అది మీది, అన్నాడు."

"మీది అంటే మనది."

"అంతేగా."

"మనదంటే మన ఇష్టం." ఆ మాట చాలా మెల్లగా అన్నాడు, పిల్లికి కూడా వినిపించకుండా. "రెండంగుళాలు కోద్దామా?"

నోరీన్ ఒక్క క్షణం బూట్ల గురించి ఆలోచించింది. తర్వాత తన మొగుడి మొహం చూసింది. పుట్టినరోజు కేకు ముందు నిలబెట్టిన పిల్లాడిలా ఉన్నాడు. "రెండు కోస్తే కోసినట్టే తెలీదు. మూడు కొయ్యి," అంది. ఆ పాపంలో మూడో అంగుళం పూర్తిగా ఆమెదే.

ఆ తర్వాతి వారాలంత సంతోషం ఆమె ఎన్నడూ ఎరగదు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఇద్దరూ గరాజ్‌లో దూరేవాళ్ళు. ఆమె టేపు పట్టుకునేది, అతను కోసేవాడు. ఊడదీసిన మడ్‌గార్డులూ, ఫుట్‌బోర్డులూ, బానెట్టూ గడ్డి మీద పేర్చారు. అవి చూసి దారిన పోతున్న లోవెల్ స్టబ్స్‌గారు ఆగారు.

స్టబ్స్ మొదటి మతానికి పెద్ద పూజారి, పాత కార్ల క్లబ్బుకి అధ్యక్షుడు. ఆయనకీ అదే సంవత్సరం నల్ల కూపే ఉంది. కానీ దాని మడ్‌గార్డులు ఎవరో తర్వాత చేయించినవి. అందుకే ఏటా క్లబ్బువాళ్ళిచ్చే మొదటి బహుమతి, నీలం రిబ్బను, ఓర్విల్‌కే వెళ్ళేది. స్టబ్స్ గడ్డిమీది మడ్‌గార్డుల్ని మనవల్ని చూసినట్టు చూశారు.

"నా షెడ్డులో ఎనిమిది సిలిండర్ల ఇంజను ఒకటి పడుంది. ఇవి నాకిస్తే అది నీది. ఇవెవరివో నాకు తెలీదు," అన్నారు, బాగా తెలిసినవాడిలా.

"నాకూ గుర్తులేదండీ," అన్నాడు వేడ్.

అలా కారు పూర్తయింది. మొదటిసారి బయటికి తీసినప్పుడు తోటల్లో పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. పైకప్పు ఎంత కిందికి దిగిందంటే, ట్రాఫిక్ లైటు చూడాలంటే నోరీన్ మొగుడి ఒళ్ళో తల పెట్టాల్సి వచ్చింది. దారిలో లైట్లు మరికొన్ని ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

జులై నాలుగున జరిగే స్వాతంత్ర్య దినం పరేడ్‌కి రెండురోజుల ముందు మళ్ళీ ఫోను మోగింది.

"అమ్మాయ్, ఒక మాట మర్చిపోయాను. పరేడ్‌కి వస్తున్నాను. ఈ ఒక్కసారికి బండి నేనే నడుపుతాను. మీ పెద్దమ్మ గడ్డిటోపీ తెస్తున్నాను. అది పక్కన పెట్టుకుని, ఇద్దరం ఏటా వెళ్ళినట్టే వెళ్తాం. బండి బాగుందా?"

నోరీన్ గరాజ్ వైపు చూసింది. అక్కడున్నది బొద్దింక మీద ఎవరో కాలు వేసినట్టుంది. ఆమె నోరు తనంతట తనే మాట్లాడింది. "బాగుంది పెదనాన్నా. నువ్విచ్చినట్టే ఉంది."

ఫోను పెట్టేసి నేల మీద కూలబడింది. "ఆయనకి చెప్తే చచ్చిపోతాడు వేడ్. నాకు ఆయన తప్ప ఎవరున్నారు? పెద్దమ్మని కోసినట్టే కదా మనం కోసింది."

"నేనున్నాగా," అన్నాడు వేడ్.

"కోసింది నువ్వేగా."

ఆ జిల్లాలో అదే సంవత్సరం, అదే నలుపు కూపే ఇంకొక్కటే ఉంది. వేడ్ వెళ్ళి స్టబ్స్‌గారి తలుపు తట్టాడు. అరువు అనే మాట వినగానే ఆయన తలుపు సగం మూశారు.

"కుదరదు. నా కారు మా ఆవిడకే ఇవ్వలేదు."

"సరేనండీ. అయితే ఓర్విల్‌గారికి నిజమే చెప్తాను. మడ్‌గార్డులు ఎక్కడికి పోయాయో కూడా చెప్పాలి. క్లబ్బువాళ్ళు కూడా వింటారేమో."

తలుపు మెల్లగా తెరుచుకుంది. "నేనూ బండిలోనే ఉంటాను," అన్నారు స్టబ్స్. "కళ్ళ ముందు నుంచి కదలనివ్వను."

పరేడ్ రోజు పొద్దున వేడ్ నంబరు ప్లేటు మార్చాడు. ఓర్విల్ రాగానే బండి చుట్టూ తిరిగాడు. ఆయన కళ్ళజోడు పేపరు చదవడానికి మాత్రమే పెట్టుకుంటాడు. మిగతా లోకాన్ని చేత్తో చూస్తాడు. ఆ చెయ్యి తలుపు మీద ఆగింది, దీపం మీద ఆగింది, ఎడమ మడ్‌గార్డు మీద ఇంకా ఎక్కువసేపు ఆగింది.

"ఇదిగో," అన్నాడు ఓర్విల్. "హేజెల్ డ్రైవింగ్ నేర్చుకుంటూ పోస్టు డబ్బాని గుద్దిన సొట్ట. ఎక్కడికి పోతుంది?"

స్టబ్స్ మొహం తిప్పుకున్నారు. ఆ మడ్‌గార్డులు తన బండికి బిగించుకున్నాక, ఆ సొట్టని వచ్చే వారం సరిచేయిద్దామనుకున్నారు.

"నువ్వెందుకొచ్చావురా లోవెల్?"

నోరీన్ అందుకుంది. "అధ్యక్షుడుగారు నీ బండిలో రావాలని ముచ్చటపడ్డారు పెదనాన్నా."

"అంటే ఇన్నాళ్ళకి ఒప్పుకున్నావన్నమాట, నా బండే గొప్పదని."

"అవును," అన్నారు స్టబ్స్. పన్ను పీకించుకుంటున్నట్టు వచ్చింది ఆ మాట.

ముందు సీట్లో ఓర్విల్, పక్కన హేజెల్ టోపీని ఒళ్ళో పెట్టుకుని నోరీన్. వెనక డిక్కీ తెరిస్తే వచ్చే చిన్న సీట్లో స్టబ్స్, వేడ్ భుజాలు ఒరుసుకుని కూర్చున్నారు. ఓర్విల్ గేరు వేశాడు. బండి కింద ఎవరో ఇనప బకెట్టు నిండా చెంచాలు పోసినట్టు చప్పుడైంది. స్టబ్స్ కళ్ళు మూసుకున్నారు.

"మెల్లగా, ఓర్విల్."

"నా బండి, నా ఇష్టం."

"సీటు మెత్తగా ఉందే అమ్మాయ్," అన్నాడు కాసేపటికి ఓర్విల్.

"దులిపాం పెదనాన్నా."

"స్టీరింగు కూడా ఇదివరకు ఇంత తేలిగ్గా లేదు. అల్లుడు నాకంటే బాగా చూసుకుంటున్నాడు. లోవెల్, నువ్వూ నీ బండి ఇతనికి చూపించు."

డిక్కీ సీట్లో వేడ్ పొట్టలో స్టబ్స్ మోచెయ్యి దిగింది.

బ్యాంకు ముందు లౌడ్‌స్పీకరు పట్టుకున్నాయన కాగితం చూసి, "ఇదిగో, మన లోవెల్ స్టబ్స్‌గారి కూపే," అని ప్రకటించాడు. జనం చప్పట్లు కొట్టారు. నోరీన్ చేతుల్లో టోపీ అంచు వంకర తిరిగింది.

"వాడి పేరెందుకు చదివాడు?" అన్నాడు ఓర్విల్.

"అధ్యక్షుడు కదా. ఎక్కడ కూర్చుంటే అదే ఆయన బండి అంటారు," అంది నోరీన్.

"వాడి బుద్ధే అంత," అన్నాడు ఓర్విల్. స్టబ్స్ తల ఊపారు, అధ్యక్షుడిలా కాదు.

ఎలాగో పరేడ్ ముగిసింది. పార్కులో చెట్టు నీడన బల్ల మీద పుచ్చకాయ ముక్కలు, బంగాళాదుంపల సలాడ్ పెట్టుకుని నలుగురూ కూర్చున్నారు. నోరీన్‌కి ఆ రోజు మొదటిసారిగా ఆకలేసింది. ఇంకో గంట గడిస్తే ఆయన ఊళ్ళోని పాత స్నేహితుడింటికి వెళ్తాడు, బండి స్టబ్స్ ఇంటికి చేరుతుంది, ఆయన మనసు చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఓర్విల్ పుచ్చకాయ గింజ ఊసి అన్నాడు. "ఇవాళ చూశారా? బాకాలు ఊదేవాళ్ళు మనల్ని దాటేశారు. నడుస్తూ దాటేశారు. హేజెల్ ఉంటే నన్ను వాయించేది."

"పెద్దమ్మకి ఈ బండంటే ప్రాణం కదా," అంది నోరీన్.

"ప్రాణమా? మీ పెద్దమ్మకి ఇదంటే ఒళ్ళు మంట. 'ఓర్విల్, నీతో చర్చికి వెళ్తే చివరి ఆమెన్ అందుతోంది. దీని నెత్తి కోసి, మంచి ఇంజను పెట్టవయ్యా, ఒక్కసారి నా టోపీ ఎగిరిపోవాలి' అని పెళ్ళయిన ఏడాది నుంచీ అంటూనే ఉంది. నేనే చెయ్యలేదు. ఈ లోవెల్ గాడూ, వీడి క్లబ్బూ ఏమంటారోనని. ఆసుపత్రిలో మాటిచ్చాను, కోస్తానని." ఆయన టోపీ అంచు నిమిరాడు. "ఒంటరిగా చెయ్యబుద్ధి కాలేదు. అందుకే మీ దగ్గరికి పంపాను. అల్లుడి చేతులు అలాంటివని తెలుసు. ఒక్కటే భయపడ్డాను, నేనొచ్చేలోపు తొందరపడి కోసేస్తాడేమోనని. ముట్టుకోలేదు. బుద్ధిమంతుడివి, అబ్బాయ్."

వేడ్ నోట్లో పుచ్చకాయ ఎటూ పోలేక అక్కడే ఉండిపోయింది.

"మొదటి కోత నేనే కొయ్యాలి. మాటిచ్చినవాడిని నేను కదా," అన్నాడు ఓర్విల్. జేబులోంచి సుద్దముక్క తీసి, లేచి వెళ్ళి, కూపే పైకప్పు స్తంభం మీద ఒక గీత గీశాడు. "అమ్మాయ్, రెండంగుళాలా, మూడా?"

"మూడు," అంది నోరీన్. అనకూడదని అనుకునేలోపే అనేసింది.

ఆయన రెండో గీత గీశాడు. స్టబ్స్ బల్ల అంచు పట్టుకున్నారు. నోరీన్ నిజం చెప్పాలని లేచింది. ఇన్నాళ్ళూ కోసినందుకు ఆయన ఏడుస్తాడని భయపడింది. ఇప్పుడు కోయడానికి ఏమీ మిగలనందుకు ఏడుస్తాడు. "పెదనాన్నా," అంది. ఆయన ఇటు తిరిగాడు. మీసానికి సుద్ద అంటుకుని ఉంది. పెద్దమ్మ పోయాక ఆ మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు. "నిమ్మరసం తాగుతావా?" అంది.

"నేనే తెస్తాను, కూర్చో. రేపు చర్చి అయ్యాక మీ ఇంటికొస్తాను. రంపం నా పెట్టెలో ఉంది. లోవెల్, నువ్వూ రా. ఏడుపొస్తుందేమో, రుమాలు తెచ్చుకో." ఆయన నిమ్మరసం బండి వైపు వెళ్ళిపోయాడు, కుర్రాడిలా.

స్టబ్స్ బల్ల మీదుగా వేడ్ వైపు వంగారు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"కోసిన ముక్కలు పారేశారా?"

"లేదండీ, గరాజ్‌లో మేకుకి తగిలించాను," అన్నాడు వేడ్.

"మూడంగుళాలూ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"వెల్డింగ్ సామాను నా దగ్గరుంది. రేపు నేను చర్చికి రాను. తెల్లారగానే మడ్‌గార్డులూ, ఫుట్‌బోర్డులూ, బానెట్టూ నా బండి నుంచి ఊడదీసి తెస్తాను. నువ్వు ముక్కలు పెట్టు, నేను అతుకుతాను. అతుకు కనబడకుండా నల్లరంగు నేను వేస్తాను."

"ఇంజనో?"

"బానెట్ బిగించేసి, తాళంచెవి పారేసుకో."

"మరి నేను?" అంది నోరీన్.

"నువ్వు మీ పెదనాన్నని చర్చికి తీసుకెళ్ళు. అయిపోయాక పాస్టరుగారిని నరకం గురించి ఒక ప్రశ్న అడుగు. ఆయన మధ్యాహ్నం దాకా ఆపరు."

ఓర్విల్ నాలుగు గ్లాసులు జాగ్రత్తగా పట్టుకుని వస్తున్నాడు. ముగ్గురూ ఆయన వైపు చూసి నవ్వారు.

అలా ఆ ఊరి క్లబ్బు అధ్యక్షుడు, హాట్ రాడ్‌గా మారిన ఒక పాత కారును తిరిగి అసలు రూపానికి తెచ్చే పని తన చేతుల మీదుగా చేపట్టారు. అది ఆ రూపంలో మధ్యాహ్నం ఓర్విల్ రంపం పెట్టేదాకా నిలిస్తే ఆయనకి చాలు.