ఎర్ర మరక

"మీ పరిశోధన పత్రాన్ని అంగీకరించాం" అన్న మెయిల్ వచ్చేసరికి ఆమె నోటి నిండా పేస్టు నురగే. ఆ నురగతోనే వంటింట్లోకి పరుగెత్తి భర్తకు ఫోను చూపించింది. కొత్త కాపురం; పాలు పొంగిపోకుండా దించినా ఆ ఇంట్లో సంబరమే. సాయంత్రం అతని మేనేజరు పదవి ఆర్డరు కూడా వచ్చేస్తే, సినిమాకి వెళ్దామనుకున్నారు.

గుండె, కండరాలు పుట్టించే విద్యుత్ సంకేతాలు ఒక్కతీరుగా ఉండవు. ఏ క్షణాన ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో రంగుల పటంగా గీయడం ఆమె పని. ఎవరూ దొరక్క భర్తనే ల్యాబులో పడుకోబెట్టి ఛాతీకి తీగలు అంటించింది. పటంలో గుండె స్పందనల మధ్య అప్పుడప్పుడూ ఓ ఎర్ర మరక భగ్గుమంది. "గుండెలో ఇలాంటిది ఎవరూ చూళ్లేదమ్మా!" అని గైడు గాల్లో తేలిపోయాడు. పత్రమంతా ఆ మరక గురించే.

"అంటే మరక నా గుండెలోనా?" అన్నాడు భర్త, వంటింట్లో మెయిల్ చదివి.

అప్పటిదాకా ఆ సంగతి ఆమెకు తట్టనేలేదు.

"ఒరేయ్, ముందా బకెట్ కింద పెట్టు!" అని, పక్క గదిలోంచి అంతా విన్న అత్తగారు నీళ్ల బకెట్ ఎత్తబోతున్న కొడుకు మీద కేకేసింది. అంతటితో ఆగక కొడుకు ఆఫీసుకు ఫోన్ చేసి ఏడ్చేసింది. పెద్ద మేనేజరు కరిగిపోయి, ఆ పదవిని పక్క సీటాయనకు ఇచ్చేశాడు. మధ్యాహ్నానికల్లా పక్క సీటాయన పరామర్శకు వచ్చాడు, రోగికి పండ్లూ, తన పదవికి స్వీట్లూ పట్టుకుని.

"మరక గుండెది కాదని రేపటిలోగా ల్యాబు నుంచి రాయించుకు రండి, ఆలోచిద్దాం" అన్నాడు పెద్ద మేనేజరు ఫోన్లో.

ఆమె భర్తను లాక్కెళ్లి మళ్లీ తీగలు అంటించింది. పటం శుభ్రంగా ఉంది. మరక జాడ లేదు.

"అప్పుడేం చేశారండీ?"

"ఏం చేయలేదే."

"నిజం చెప్పండి."

"పొట్ట లోపలికి పట్టాను" అని గొణిగాడు. "చొక్కా విప్పించావాయె. నువ్వు నావైపు చూసినప్పుడల్లా బిగించా. కంప్యూటర్ వైపు తిరగ్గానే వదిలేశా."

"మరి ఇవాళ?"

"రోగికి సిగ్గేంటి?"

మరక గుండెది కాదు, బిగించిన కండరాలది. ఆమె పడీపడీ నవ్వింది. పత్రం గుర్తొచ్చి నవ్వు సగంలో ఆగింది.

"సార్, మరక గుండెది కాదని ఒక్క ముక్క రాసివ్వండి" అని గైడుని ల్యాబులోకి పిలిచి అడిగింది.

గైడు తలుపు మూశాడు. "రాసిస్తే పత్రం వెనక్కి తీసుకోవాలి. నీ డాక్టరేట్ మళ్లీ మొదటికొస్తుంది. పైగా రేపు డైరెక్టరుగారు మరకను కళ్లారా చూస్తానన్నారు. ఏం చెప్పమంటావు?"

భర్త ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె తల దించుకుంది.

"రేపు పొద్దున్నే వస్తాను సార్, మరక చూపిస్తాను" అన్నాడు చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "నాకెలాగూ పదవి రాలేదు, పొట్టకైనా పేరు రానివ్వండి."

గైడు అతని చేతులు పట్టుకుని, ఆ రాత్రికి నడకా వ్యాయామం లాంటివేమీ పెట్టుకోవద్దని ప్రాధేయపడ్డాడు.